కొత్త ఇంటి కౌన్సిల్ ట్యాక్స్: లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుంది?

(ఇంగ్లాండులో కొత్తగా కట్టిన ఇళ్లు కొంటున్న, సొంతంగా కట్టుకుంటున్న తెలుగువారి సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోంది కదా? సరే, నేరుగా విషయంలోకి వస్తాను.

కొత్త ఇల్లు తీసుకున్న ప్రతి కుటుంబమూ అడిగే ప్రశ్న ఒకటుంది. కౌన్సిల్ ట్యాక్స్, అంటే ఇక్కడి స్థానిక కౌన్సిల్ వేసే ఇంటి పన్ను, తాళాలు చేతికొచ్చిన రోజు నుంచా, పాలు పొంగించిన రోజు నుంచా, సామాను దింపిన రోజు నుంచా? చట్టం ఈ మూడింట్లో దేన్నీ మొదలుగా తీసుకోదు. ఇల్లు "పూర్తయింది" అని లెక్కలోకి వచ్చే రోజు ఒకటుంది. ఇంటి మీద పన్ను ఆ రోజు మొదలవుతుంది. అందులో మన వాటా ఎక్కడ మొదలవుతుందన్నది ఆ తర్వాత వచ్చే ప్రశ్న. ఈ రెండూ కలిపి ఆలోచించబట్టే చాలామంది బిల్లు చూసి తల పట్టుకుంటున్నారు.

మనకు అలవాటైన ఇంటి పన్ను పద్ధతి వేరు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇల్లుంటే పన్ను యజమాని పేరు మీద వస్తుంది, ఆరు నెలలకోసారి కడతాం. అద్దెకున్నవాళ్లకు దాంతో పనిలేదు. ఇక్కడ 1992 నాటి లోకల్ గవర్నమెంట్ ఫైనాన్స్ చట్టం కింద, 1993 ఏప్రిల్ 1 నుంచి నడుస్తున్న ఈ పన్ను ముందుగా ఇంట్లో నివసించేవాళ్ల మీద పడుతుంది. ఎవరూ ఉండకపోతే అప్పుడు యజమాని దగ్గరికి వెళ్తుంది. భార్యాభర్తలు కలిసి ఉంటే ఇంటి పత్రాల్లో ఒక్కరి పేరే ఉన్నా బాధ్యత ఇద్దరిదీ. షేర్డ్ ఓనర్‌షిప్‌లో 40 శాతమే కొన్నా పన్ను మాత్రం పూర్తిగా మీదే, మిగతా వాటా ఉన్న హౌసింగ్ అసోసియేషన్ పంచుకోదు.

ఇంకో తేడా, ఇక్కడ లెక్క రోజువారీ. బిల్లు ఏడాదికి వచ్చినా బాధ్యత ఏ రోజుకారోజు తేలుతుంది. రోజు ముగిసే సమయానికి ఏ స్థితి ఉందో, ఆ రోజంతా అదే స్థితి ఉన్నట్టు చట్టం భావిస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు తాళాలు తీసుకున్నా ఆ రోజు పన్ను కొన్నవాళ్లదే. ఉదయం బిల్డర్‌ది, సాయంత్రం మనది అని విడదీయరు.

ఇప్పుడు తేదీల సంగతి. కొత్త ఇంటి చుట్టూ మూడు తేదీలు తిరుగుతుంటాయి, మూడింటినీ కంప్లీషన్ అనే అంటారు. సొలిసిటర్, అంటే ఇంటి కొనుగోలు చూసే లాయరు, చెప్పేది డబ్బు చేతులు మారి ఇల్లు మన పేరు మీదికొచ్చే రోజు. బిల్డింగ్ కంట్రోల్ వాళ్లు, అంటే కట్టడాలను తనిఖీ చేసేవాళ్లు, చెప్పేది కట్టడం నిబంధనల ప్రకారం ఉందని సర్టిఫికెట్ ఇచ్చే రోజు. కౌన్సిల్ ట్యాక్స్ విభాగం చెప్పేది ఇల్లు వాల్యుయేషన్ లిస్టులోకి, అంటే పన్ను వేసే ఇళ్ల జాబితాలోకి, ఎక్కే రోజు. ఇవి మూడూ ఒకే వారంలో రావచ్చు, మూడు నెలల తేడాతోనూ రావచ్చు. బిల్డింగ్ కంట్రోల్ సర్టిఫికెట్ రాలేదు కాబట్టి పన్ను మొదలవ్వదన్న వాదన ఒక్కటే కౌన్సిల్ దగ్గర నిలబడదు. అది సాక్ష్యాల్లో ఒకటిగా పనికొస్తుంది, అంతే.

ఇల్లు లిస్టులోకి ఎక్కడానికి రెండు దారులున్నాయి. నిజంగానే పూర్తయిపోవడం ఒకటి. అంటే మనుషులు ఉండటానికి సిద్ధంగా ఉండటం. పూర్తికాకపోయినా కౌన్సిల్ కంప్లీషన్ నోటీస్ ఇచ్చి, ఫలానా రోజుకు పూర్తయినట్టు భావించడం రెండోది. 1992 చట్టంలోని సెక్షన్ 17 ఈ అధికారం ఇస్తుంది. దాని విధివిధానాలన్నీ 1988 నాటి లోకల్ గవర్నమెంట్ ఫైనాన్స్ చట్టంలోని షెడ్యూల్ 4ఏలో ఉన్నాయి, వ్యాపార భవనాలకూ ఇళ్లకూ అదే షెడ్యూల్.

నోటీసు లేకపోతే ఏమవుతుంది? 2011లో, ట్రిబ్యునల్ తీర్పుల మీద అప్పీళ్లు వినే అప్పర్ ట్రిబ్యునల్ ముందుకు గ్లాడ్‌మన్ కేసు వచ్చింది. అది ఆఫీసు భవనాల మీద వచ్చిన కేసు. కొత్త భవనం వాడకానికి సిద్ధం కాకముందు, కంప్లీషన్ నోటీసు కూడా లేనప్పుడు, దాన్ని లిస్టులో చేర్చడానికి వీల్లేదని అందులో తేలింది. ఇళ్ల విషయంలోనూ ఇదే తర్కం పనికొస్తుంది. "దాదాపు అయిపోయింది కదా" అన్న మాట మీద పన్ను వేయలేరు. దాదాపు అయిపోయిన ఇంటిని లెక్కలోకి తేవాలంటే నోటీసు ఇవ్వాలి. మీకు ఎప్పుడూ నోటీసు రాకుండా, ఇల్లు ఇంకా సిద్ధం కాని రోజుల నుంచి బిల్లు వస్తే, మొదట అడగాల్సింది ఆ నోటీసు కాపీనే.

కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ సైటుకొచ్చి ఏం చూస్తారో కొంచెం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే తేదీ అక్కడే తయారవుతుంది. ముందు బయట నుంచి చూస్తారు. పైకప్పు పడిందా, కిటికీలూ తలుపులూ బిగించారా. తర్వాత లోపలికొచ్చి గోడలు. గదుల మధ్య గోడలు లేచాయా, ప్లాస్టరింగ్ అయిందా. నేల సిద్ధమైందా. గోడల్లోంచి కరెంటు వైర్లు బయటికొచ్చి ఉన్నాయా, నీళ్ల గొట్టాలు వంటగది దాకా, బాత్రూమ్ దాకా వచ్చాయా. ఇవన్నీ ఉంటే చాలా కౌన్సిళ్ల దృష్టిలో ఇల్లు చాలావరకు అయిపోయినట్టే. సింకు బిగించడం, కమోడూ వాష్‌బేసినూ పెట్టడం, కిచెన్ యూనిట్లు, స్విచ్ బోర్డులూ లైటు హోల్డర్లూ, మీటరు కనెక్షను, రంగులు, కార్పెట్టు, ఇవన్నీ మిగిలిన చిన్న పనుల కింద రాసుకుంటారు. మూడు నెలల్లో అయిపోతాయని అంచనా వేస్తారు. మనకేమో వంటగదిలో పొయ్యి లేదు, బాత్రూమ్‌లో కుళాయి లేదు, ఇదేం ఇల్లు అనిపిస్తుంది. వాళ్లు చూసేది ఈ రోజు ఉండొచ్చా అని కాదు, మిగిలిన పనికి ఎంత కాలం పడుతుంది అని.

అక్కడే మూడు నెలల నియమం వస్తుంది. మిగిలిన పని మూడు నెలల్లో పూర్తవుతుందని సహేతుకంగా అనుకోగలిగితే కౌన్సిల్ నోటీసు ఇవ్వవచ్చు. అందులో రాసే తేదీ, నోటీసు అందిన రోజు నుంచి మూడు నెలలు దాటకూడదు. ఇల్లు ఇప్పటికే పూర్తయిందనుకుంటే నోటీసు అందిన రోజునే పూర్తయిన రోజుగా రాయవచ్చు. వెనక్కి వెళ్లి నిన్నటి తేదీ రాయడం ఈ నోటీసుతో కుదరదు.

ఇదే షెడ్యూల్లో పేరా 9 చాలామంది చదవరు, కానీ చాలా విలువైనది. ఆ రకం భవనాల్లో కట్టడం అయిపోయాక మామూలుగా జరిగే పని ఇంకా మిగిలి ఉంటే, ఆ పనికి సహేతుకంగా ఎంత సమయం కావాలో అంత సమయం కలిపి తేదీ లెక్కించాలి. ఆరు వారాల పని మిగిలి ఉంటే ఆరు వారాలు కలపాలి. కౌన్సిల్ అలవాటుగా అందరికీ ఒకే గడువు రాసేసిందనుకోండి, మీ ఇంట్లో మిగిలిన పని పట్టిక చూపించి ఇంత సమయం పడుతుంది అని అడిగే హక్కు మీకుంది. కాంట్రాక్టరు దగ్గర పని వారీగా రోజుల లెక్క రాయించుకోండి. ప్లంబరు ఎన్ని రోజులు, ఎలక్ట్రీషియన్ ఎన్ని రోజులు, ఏది అయ్యాక ఏది మొదలవ్వాలి. "ఇంకా చాలా పని ఉంది" అన్న వాక్యానికి ట్రిబ్యునల్ ముందు విలువ లేదు. తేదీలతో రాసిన కాగితానికి ఉంది.

నోటీసు వచ్చాక మన ముందు మూడు దారులు. తేదీ సరైనదే అనిపిస్తే ఊరుకోవడం. సరైంది కాదనిపిస్తే కౌన్సిల్‌తో మాట్లాడి ఇద్దరికీ సమ్మతమైన తేదీ రాతపూర్వకంగా ఒప్పుకోవడం. అలా ఒప్పుకుంటే పాత నోటీసు వెనక్కి తీసుకున్నట్టే లెక్క. అదీ కుదరకపోతే ఇలాంటి వివాదాలు తేల్చే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు అప్పీలు. అప్పీలుకు 28 రోజులే గడువు, నోటీసు అందిన రోజు నుంచి. మన చేతిలో లేని కారణంతో ఆలస్యమైతే ట్రిబ్యునల్ ప్రెసిడెంట్ అనుమతించవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోకండి. కౌన్సిల్‌తో మాటలు నడుస్తున్నాయి కదా అని 28 రోజులు దాటిపోనివ్వడం ఇందులో తరచూ జరిగే పొరపాటు. ఫోన్లో ఎవరో "చూస్తాం" అన్నంత మాత్రాన గడువు ఆగదు. మాట్లాడుతూనే అప్పీలు వేసేయండి. రుసుము లేదు. తేదీ కుదిరితే వెనక్కి తీసుకోవచ్చు.

అప్పీలుకు ఆధారం ఒక్కటే. నోటీసులో రాసిన రోజుకు ఇల్లు పూర్తికాలేదు, లేదా ఆ రోజుకు పూర్తవుతుందని అనుకోవడం సహేతుకం కాదు. డబ్బు అయిపోయింది, బిల్డరు పారిపోయాడు, పని ఆపేశాం అన్నవి బాధాకరమైన విషయాలే, కానీ వాటి బరువు తక్కువ. ప్రశ్న పని పరిమాణం గురించే. ఒక మామూలు బిల్డరు ఆ పనిని ఆ సమయంలో ముగించగలడా లేదా అని చూస్తారు.

సాక్ష్యాలుగా ఏం దాచుకోవాలి? నోటీసు అందిన రోజునే ప్రతి గదికీ ఫోటోలు తీయండి, ఫోన్లో తేదీ నమోదయ్యేలా. కరెంటు మీటరు, నీళ్ల కనెక్షను ఎప్పుడు ఇచ్చారో చూపే ఈమెయిళ్లు. బిల్డింగ్ కంట్రోల్ తనిఖీ నివేదికలు. వారంటీ సంస్థ తుది తనిఖీ తేదీ. కిచెన్ డెలివరీ రసీదు. ఇవన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టుకుంటే ఆర్నెల్ల తర్వాత వెతుక్కోనక్కర్లేదు.

సొంతంగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ఇక్కడ ప్రత్యేకంగా వినాలి. నోటీసు మీ చేతికే ఇవ్వాలని లేదు. రికార్డెడ్ డెలివరీలో పంపవచ్చు. యజమాని పేరూ చిరునామా విచారించినా తెలియకపోతే "ఓనర్" అని రాసి భవనం మీద కనిపించే చోట అతికించవచ్చు. 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటుంది, యూకేఐ కింగ్స్‌వే కంపెనీకీ వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్‌కూ మధ్య. లండన్‌లో ఒక భవనం రిసెప్షనిస్టుకు 2012లో నోటీసు ఇచ్చారు. ఆవిడ యజమాని ఉద్యోగి కూడా కాదు, భవనం నిర్వహణ చూసే సంస్థ మనిషి. ఆవిడ దాన్ని స్కాన్ చేసి యజమాని కంపెనీకి ఈమెయిల్ చేశారు. కౌన్సిల్ నేరుగా ఇవ్వలేదు కాబట్టి చెల్లదని కంపెనీ వాదించింది. చేరాల్సినవాళ్లకు చేరింది, చెల్లుతుంది అని కోర్టు చెప్పింది. సైటులో కూలీ చేతికిచ్చిన కవరు మీ వాట్సాప్‌కు ఫోటోగా వస్తే, నాకు సరిగ్గా అందలేదనుకుని పక్కన పెట్టేయకండి. ఆ రోజు నుంచే రోజులు లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు బిల్డర్ దగ్గర ఇల్లు కొన్నవాళ్ల లెక్క. ఒక ఉదాహరణ వేసుకుందాం. కంప్లీషన్ నోటీసులో తేదీ 2025 జూన్ 1. తాళాలు జూన్ 20న తీసుకున్నారు. ఇంట్లో దిగింది జూలై 5న. జూన్ 1 నుంచి 19 దాకా ఇల్లు బిల్డర్‌ది, పన్నూ బిల్డర్‌దే. కాంట్రాక్టులు ఎక్స్ఛేంజ్ అయిపోయినా, అంటే కొనుగోలు ఒప్పందం ఖాయమైనా సరే, ఇల్లు ఇంకా మీ పేరు మీదికి రాలేదు కాబట్టి మీకు సంబంధం లేదు. జూన్ 20 నుంచి బాధ్యత మీది. జూలై 4 దాకా ఖాళీ ఇంటి యజమానులుగా, జూలై 5 నుంచి నివసించేవాళ్లుగా. ఇంటి విలువను బట్టి పన్నును బ్యాండ్లు అనే తరగతులుగా విడదీస్తారు. 2025-26లో ఇంగ్లాండు మొత్తం మీద బ్యాండ్ డి సగటు 2,280 పౌండ్లు. రోజుకు దాదాపు 6 పౌండ్ల 25 పెన్నీలు. ఖాళీగా ఉన్న ఆ 15 రోజులకే 93 పౌండ్ల 70 పెన్నీలు. మార్చి 31 దాకా మీ 285 రోజులకు 1,780 పౌండ్ల 27 పెన్నీలు. మీ కౌన్సిల్ అంకె వేరుగా ఉంటుంది, పద్ధతి మాత్రం ఇదే.

నోటీసు తేదీ కంటే ముందే మీరు దిగిపోతే? మనుషులు కాపురం ఉంటున్న ఇల్లు పూర్తికాలేదని ఎవరూ అనలేరు. దిగిన రోజుకు ఇల్లు నిజంగా పూర్తయినట్టే. గోడకు పగులు, తలుపు సరిగా పడకపోవడం, తోటలో గడ్డి వేయకపోవడం లాంటి స్నాగింగ్ జాబితాలో 80 అంశాలున్నా పన్ను ఆగదు. వాటిని బిల్డర్‌తోనూ వారంటీ సంస్థతోనూ తేల్చుకోవాలి. కౌన్సిల్ దగ్గర వాదించి సమయం పోగొట్టుకోవద్దు.

ఖాళీ ఇంటికి పన్ను ఉండదని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు. ఇంగ్లాండులో ఖాళీగా, సామాను లేకుండా ఉన్న ఇంటికి ఆరు నెలల మినహాయింపు ఉండేది, నిజమే. అది 2013 ఏప్రిల్ 1న రద్దయింది. దాని బదులు తగ్గింపు ఇవ్వాలా, ఎంత ఇవ్వాలా అన్నది ఏ కౌన్సిల్‌కు ఆ కౌన్సిల్ నిర్ణయించుకుంటుంది. కొన్ని చోట్ల మొదటి నెల పూర్తిగా మాఫీ. చాలా చోట్ల ఒక్క రోజు కూడా లేదు. పక్క టౌనులో ఉన్న మీ స్నేహితుడికి వచ్చింది కాబట్టి మీకూ వస్తుందనుకోవద్దు.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఈ తగ్గింపు గడియారం ఇంటికి కట్టి ఉంటుంది, మనిషికి కాదు. నెల రోజుల మాఫీ ఉన్న కౌన్సిల్లో, ఇల్లు పూర్తయి బిల్డర్ చేతిలోనే నెలరోజులు ఖాళీగా ఉంటే, ఆ మాఫీ బిల్డరే వాడేసుకున్నట్టు. మీరు తాళాలు తీసుకునేసరికి మిగిలేది సున్నా. అందుకే రిజర్వేషన్ సమయంలోనే సేల్స్ ఆఫీసులో అడగండి: "ఈ ఇంటికి కంప్లీషన్ నోటీసు వచ్చిందా? తేదీ ఏంటి?" నోటి మాటగా కాకుండా మీ సొలిసిటర్ ద్వారా రాతలో తెప్పించుకోండి.

అద్దెకిద్దామని ఫ్లాటు కొనేవాళ్లకు ఈ గడియారం ఇంకా ప్రమాదకరం. 2024 ఏప్రిల్ 1 నుంచి, సామాను లేకుండా ఏడాది పాటు ఖాళీగా ఉన్న ఇంటి మీద కౌన్సిళ్లు పన్నుకు అంతే మొత్తం అదనంగా వేయవచ్చు, అంటే రెట్టింపు. ఐదేళ్లు దాటితే మూడు రెట్లు, పదేళ్లు దాటితే నాలుగు రెట్లు. యజమాని మారినా ఈ లెక్క మొదటికి రాదు. ఏడాదిగా అమ్ముడుపోని ఫ్లాటును తగ్గింపు ధరకు కొని ఖాళీగా ఉంచితే మొదటి రోజు నుంచే రెట్టింపు పడవచ్చు. అమ్మకానికో అద్దెకో నిజంగా ప్రచారంలో ఉన్న ఇంటికి 12 నెలల దాకా ఈ అదనపు భారం నుంచి మినహాయింపు 2025 ఏప్రిల్ 1న వచ్చింది. ఏజెంటు ప్రకటన, తేదీలతో సహా దాచుకోండి. సోఫా, మంచం వేసి తప్పించుకుందామని కొందరు చూస్తారు. సామాను ఉండి ఎవరూ నివసించకపోతే అది సెకండ్ హోమ్ అవుతుంది. వాటి మీదా 2025 ఏప్రిల్ నుంచి రెట్టింపు వేసే అధికారం కౌన్సిళ్లకు ఉంది.

పాత అద్దె ఇంటిని కూడా ఇదే లెక్కలో చూడాలి. కొత్త ఇంట్లో దిగిపోయారు, అద్దె ఒప్పందం ఇంకో ఐదు వారాలుంది. ఆ ఐదు వారాలు అక్కడి పన్ను కూడా మీదే కావచ్చు. రెండు చోట్లా ఒకేసారి పన్ను పడిందేమిటని కోప్పడేముందు ఒప్పందం ముగింపు తేదీ చూడండి. కొత్త ఇల్లు తీసుకునే తేదీ ముందే తెలిస్తే అద్దె నోటీసును దానికి తగ్గట్టు ఇవ్వొచ్చు. కానీ కొత్త ఇళ్ల తేదీలు జారుతూనే ఉంటాయి కాబట్టి, బిల్డర్ తుది నోటీసు వచ్చేదాకా అద్దె ఇల్లు వదిలేయకండి. రెండు మూడు వారాల పన్ను కంటే పిల్లలతో సహా రోడ్డున పడటం పెద్ద నష్టం.

ఇక బ్యాండ్. ఇంటి ధర నాలుగున్నర లక్షలైనా బ్యాండ్‌కు ఆ ధరతో సంబంధం లేదు. ఇంగ్లాండులో అదే ఇల్లు 1991 ఏప్రిల్ 1న ఉండి ఉంటే ఎంతకు అమ్ముడుపోయేదో అంచనా వేస్తారు. 68,000 దాటి 88,000 పౌండ్ల లోపైతే బ్యాండ్ డి, 1,20,000 దాకా బ్యాండ్ ఈ, 1,60,000 దాకా బ్యాండ్ ఎఫ్. బ్యాండ్ నిర్ణయించేది కౌన్సిల్ కాదు, వాల్యుయేషన్ ఆఫీసులోని లిస్టింగ్ ఆఫీసర్. కౌన్సిల్ సమాచారం పంపాలి, వాళ్లు బ్యాండ్ వేయాలి, తిరిగి కౌన్సిల్‌కు రావాలి, ఆ తర్వాత బిల్లు. ఈ ప్రయాణానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బ్యాండ్ ఎప్పుడు వచ్చినా అమలయ్యేది ఇల్లు పూర్తయిన తేదీ నుంచే.

బిల్లు రాకపోతే మర్చిపోయారనుకుని ఊరుకోకండి. వచ్చినప్పుడు మొత్తం ఒక్కసారి వస్తుంది. మన ఉదాహరణలోని కుటుంబానికి సెప్టెంబరులో బిల్లు వచ్చిందనుకోండి. మామూలుగా మిగిలిన పూర్తి నెలల్లోంచి ఒకటి తీసేసి వాయిదాలు వేస్తారు, అంటే ఐదు వాయిదాలు. నెలకు 356 పౌండ్లు. ఏప్రిల్ నుంచి పది వాయిదాల్లో కట్టేవాళ్లు నెలకు 228 కడుతుంటారు. మార్ట్‌గేజ్ మొదలైన మొదటి నెలల్లో ఈ తేడా గట్టిగానే తగులుతుంది. తాళాలు తీసుకున్న వారంలోనే కౌన్సిల్ వెబ్‌సైటులో నమోదు చేసుకోండి, నమోదు చేసిన రసీదు దాచుకోండి, నెలనెలా ఒక అంచనా మొత్తం పక్కన పెట్టండి. పక్కింటివాళ్ల బ్యాండ్ గవర్నమెంటు వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్ కొడితే కనిపిస్తుంది, అంచనాకు అది చాలు. మార్చి దాకా సాగదీసి, ఏడాది మొత్తానికైతే 12 వాయిదాలు అడిగే హక్కు కూడా మీకుంది.

నమోదు చేసేటప్పుడు ప్లాట్ నంబరు, పోస్టల్ చిరునామా రెండూ రాయండి. సైటులో ప్లాట్ 27 అనేది పోస్టులో 14 నంబరు ఇల్లు కావచ్చు. బిల్డర్ కాగితాలు ప్లాట్ నంబరుతో, మీ కాగితాలు ఇంటి నంబరుతో వెళ్తే ఇద్దరి మధ్యా ఖాతా తప్పిపోతుంది. మీ ఇంటి బిల్లు ఎదురింటికి, వాళ్ల రిమైండర్ మీకు. ఒక వాయిదా తప్పితే రిమైండర్ వస్తుంది, ఏడు రోజుల్లో కట్టాలి. అదీ దాటి ఇంకో ఏడు రోజులైతే ఏడాది మొత్తం ఒకేసారి కట్టమంటారు. ఆ తర్వాత మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు, దాని ఖర్చులు అదనం. చిరునామా తప్పు వల్ల ఇంత దూరం వెళ్లడం అన్యాయం, కానీ వెళ్తుంది.

అదే సైటులో, అదే నమూనా, అదే విస్తీర్ణం ఉన్న ఇళ్లకు బ్యాండ్ డి ఉండి మీకు బ్యాండ్ ఈ పడితే సవాలు చేయండి. కొత్తగా పన్ను చెల్లించేవారైన ఆరు నెలల్లోపు బ్యాండ్ మార్చమని అధికారికంగా ప్రతిపాదన వేసే హక్కు ఉంది. అభ్యంతరం తోసిపుచ్చితే మూడు నెలల్లో ట్రిబ్యునల్‌కు. అయితే పరిశీలనలో మీదే సరైనదని తేలి మిగతావాళ్ల బ్యాండ్ పెరిగే అవకాశం కూడా ఉంటుంది. ఇరుగుపొరుగుతో ముందే ఒక మాట అనుకోవడం మర్యాద.

వీసా మీద ఉన్నవాళ్లు తరచూ భయపడే విషయం ఒకటి. ఒక్క పెద్ద మనిషే ఉంటే వచ్చే 25 శాతం తగ్గింపు పబ్లిక్ ఫండ్స్, అంటే చాలా వీసాల మీద తీసుకోకూడని ప్రభుత్వ సాయం, కాదు, నిస్సందేహంగా తీసుకోవచ్చు. తక్కువ ఆదాయం ఉన్నవారికిచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ మాత్రం పబ్లిక్ ఫండ్స్ కిందికి వస్తుంది. రెండింటి పేర్లూ ఒకేలా వినిపిస్తాయి. వీసా మీద పబ్లిక్ ఫండ్స్ నిషేధం ఉన్నవాళ్లు ఫారంలో ఏ పెట్టె టిక్ చేస్తున్నారో రెండుసార్లు చూసుకోండి.

ఇప్పుడు చీటీల మీద వచ్చిన ప్రశ్నలు.

"వేల్స్‌లో, స్కాట్లాండులో కూడా ఇంతేనా?" వేల్స్‌లో కంప్లీషన్ నోటీసు విధానం ఇదే, బ్యాండ్లు మాత్రం 2003 విలువల మీద, ఏ నుంచి ఐ దాకా తొమ్మిది. అక్కడ ఖాళీగా, సామాను లేని ఇంటికి ఆరు నెలల మినహాయింపు ఇంకా ఉంది. స్కాట్లాండులో బ్యాండ్లు వేసేది అక్కడి అసెసర్లు, 1991 విలువల మీదే కానీ హద్దులు వేరు. అక్కడా ఖాళీ ఇంటికి ఆరు నెలల మినహాయింపు ఉంది.

"ఏడాది కౌన్సిల్ ట్యాక్స్ మేమే కడతామని బిల్డర్ ఆఫర్ ఇచ్చారు. బిల్లు మా పేరుతో ఎందుకొచ్చింది?" ఆఫర్ మీకూ బిల్డర్‌కూ మధ్య ఒప్పందం, కౌన్సిల్‌కు దాంతో సంబంధం లేదు. బాధ్యత మీదే. కాబట్టి డైరెక్ట్ డెబిట్ మీరే పెట్టుకుని కట్టేయండి, బిల్లు కాపీ పంపి బిల్డర్ దగ్గర రాబట్టుకోండి. ఆఫర్ కాంట్రాక్టులో రాసి ఉందా, ఏ బ్యాండ్ దాకా, ఎంత మొత్తం దాకా అన్నది ఎక్స్ఛేంజ్‌కు ముందే చూసుకోవాలి.

"పాత బంగళా పడగొట్టి కొత్తది కడుతున్నాం. మధ్యలో పన్ను ఉంటుందా?" పాత ఇల్లు లిస్టులో ఉన్నంతకాలం ఉంటుంది. పడగొట్టిన వెంటనే కౌన్సిల్‌కు తెలిపి లిస్టులోంచి తీసేయించుకోవాలి. పడగొడుతున్న రోజు ఫోటోలు, కాంట్రాక్టర్ బిల్లు జతచేయండి. తీసేశాక, కొత్త ఇంటికి పూర్తయిన తేదీ వచ్చేదాకా పన్ను లేదు. ఒక గోడ మిగిల్చి మిగతాదంతా తిరగకట్టే పద్ధతిలో మాత్రం దీని మీద వాదన వస్తుంది. పని మొదలుపెట్టకముందే లిస్టింగ్ ఆఫీసర్‌కు రాసి అడగండి.

"అమ్మానాన్నల కోసం తోటలో చిన్న ఇల్లు కట్టాం. విడిగా పన్ను వేస్తారా?" సొంత వంటగది, బాత్రూమ్, విడి తలుపు ఉండి స్వతంత్రంగా బతకగలిగేలా ఉంటే విడి బ్యాండ్ వేస్తారు, దానికీ ఇదే కంప్లీషన్ తేదీ నియమం వర్తిస్తుంది. అందులో ఉండే అమ్మానాన్నల్లో ఒకరు 65 ఏళ్లు నిండిన మీ ఆశ్రితులైతే క్లాస్ డబ్ల్యూ కింద పూర్తి మినహాయింపు వస్తుంది. వాళ్లు అంత వయసు లేకపోయినా కుటుంబ సభ్యులు కాబట్టి 50 శాతం తగ్గింపు 2014 నుంచి ఉంది. వాళ్లు ఊరెళ్లిపోయి అది ఖాళీగా ఉన్నప్పుడు, ప్లానింగ్ అనుమతిలో విడిగా అద్దెకివ్వరాదన్న షరతు ఉంటే క్లాస్ టీ మినహాయింపు అడగండి. ఇవేవీ వాటంతటవి రావు. అనుమతి పత్రం కాపీ, పాస్‌పోర్టులో పుట్టిన తేదీ ఉన్న పేజీ జతచేసి దరఖాస్తు పెట్టాలి.